డేమ్ సిబిల్ థార్న్‌డైక్



1957వ సంవత్సరమున విడుదలయైన 'ది ప్రిన్స్ అండ్ ది షోగర్ల్' అను ఆంగ్ల చలనచిత్రమును మీలో కొందఱు చూచియుందురు. అందులో నాయిక మేరిలిన్ మన్రో. నాయకుడును దర్శకుడును లారెన్స్ ఒలివియర్. ఆ యిరువురి నడుమ ఒంటినిండ నగలతో, ఒకింత పరధ్యానముతో, ఎదుటివారి మాట వినుచున్నదో లేదో తెలియనట్లు సంచరించు ఒక వృద్ధరాణి కనబడును. ఆమె తెరపై నుండునది కొద్దిసేపే యైనను, ఉన్నంతసేపును చూపరుల చూపు మఱియొకవైపు మరలదు. ఆ పాత్రను ధరించిన నటి సిబిల్ థార్న్‌డైక్. అప్పటికామె రంగస్థలమున కాలుపెట్టి అర్ధశతాబ్దము దాటినది. ఆమెను చలనచిత్రములందు మాత్రమే చూచినవారు ఇటువంటి ముదుసలి పాత్రలనే యెఱుగుదురు గాని, గ్రీకు విషాదనాటకములలోని హెక్యుబాగా, మెడియాగా, షేక్స్‌పియరు సృష్టించిన లేడీ మాక్‌బెత్‌గా, అన్నింటికిని మిన్నగా బెర్నార్డ్ షా రచించిన సెయింట్ జోన్‌గా లండను ప్రేక్షకులను కదలించిన మహానటిని ఎఱుగరు. ఆ నటీమణి జీవితమును గూర్చియే నేడు కొన్ని మాటలు మీకు మనవిచేయ దలచితిని.

సిబిల్ 1882వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన లింకన్‌షైర్ మండలములోని గెయిన్స్‌బరో పట్టణమున జన్మించెను. తండ్రి ఆర్థర్ థార్న్‌డైక్ క్రైస్తవ మతాచార్యుడు. ఆయనకు రాచెస్టరు నగరములోని ప్రాచీన దేవాలయమున ఉద్యోగము లభించుటచే కుటుంబము అచ్చటికి తరలిపోగా, ఆ బాలిక బాల్యమంతయు ఆ దేవాలయపు నీడలోనే గడచినది. ప్రతిదినమును ఉదయ సాయంకాలములందు పెద్ద పైపుల ఆర్గను మ్రోత, గాయకబృందపు సమస్వర గానము, గంభీరమైన ప్రార్థనా వాక్యముల ఆరోహణావరోహణములు చెవిని పడుచుండ పెరిగిన పిల్లకు మాట యనునది అర్థమునకు ముందే నాదముగా పరిచయమైనదన్నచో అతిశయోక్తి కానేరదు. ఇంటియందు తమ్ముడు రస్సెల్‌తో గూడి భయంకరమైన నాటకములను స్వయముగా అల్లి ఆడుట ఆమెకు నిత్యవినోదము. ఆ తమ్ముడే తరువాత నటుడై, 'డాక్టర్ సిన్' అను సాహసకథలను వ్రాసి రచయితగను ప్రసిద్ధి గాంచెను.

అయినను ఆమె మొదట కోరుకొనిన వృత్తి నటన గాదు, సంగీతము. లండనులోని గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయమున పియానో అభ్యసించి, సభలలో వాయించి, వాద్యకారిణిగా పేరు తెచ్చుకొన వలెనని ఆ బాలిక గంటలకొలది సాధన చేయుచుండెను. ఆ సాధనయే ఆమె ఆశకు గొడ్డలిపెట్టయ్యెను. మణికట్టునందు నరములు బిగిసి, వ్రేళ్లు స్వాధీనము తప్పి, కచేరీ వాద్యమునకు చేయి పనికిరాని స్థితి యేర్పడెను. ఇంకొకరైన ఆ విఘాతముతో కృంగిపోయి యుందురు. సిబిల్ మాత్రము తమ్మునితో కలిసి నటనవైపు మరలి, షేక్స్‌పియరు నాటకములను ఆరుబయట తోటలలో, కళాశాలల ఆవరణములలో ప్రదర్శించుచుండిన బెన్ గ్రీట్ అను నటాచార్యుని శిష్యరికమున ప్రవేశించెను. 1904వ సంవత్సరమున కేంబ్రిడ్జిలోని డౌనింగ్ కళాశాలలో ఆమె తొలిసారి వృత్తినటిగా వేషము కట్టినది.

ఆ యేడే గ్రీట్ బృందముతో అమెరికాకు పయనమై, ఆ విశాలదేశమున ఊరూర తిరుగుచు మూడు సంవత్సరముల కాలములో నూఱుకు పైబడిన పాత్రలను ఆమె ధరించెను. ఒకనాడు రాణి, మఱునాడు దాసి. అవసరమైనపుడు ముదివగ్గు, తప్పనిసరియైనపుడు బాలుడు. వానయనక గాలియనక ఆరుబయట గొంతెత్తి పలుకవలసి వచ్చుటచే ఆమె కంఠము పూర్తిగా చెడిపోయి, వైద్యులు ఆమెను కొన్ని వారములపాటు ఒక్క మాటయు పలుకరాదని శాసించిరి. చేతిని పోగొట్టుకొనిన వాద్యకారిణి ఇపుడు గొంతునుగూడ పోగొట్టుకొనునేమో యన్న భయముతో ఆమె ఆ మౌనవ్రతమును తుదముట్ట పాటించెను. కంఠము తిరిగి వచ్చినది. ఆ మీదట అరువదేండ్లకు పైగా ఆమెకు అన్యాయము చేయలేదు. పియానోపై తాను నేర్చిన లయను, విరామమును, మంద్రతారస్థాయుల భేదమును ఆమె ఆ కంఠమున నిలుపుకొనెను. పద్యనాటకములను రాత్రులు మేల్కొని వినిన మన తెలుగువారికి నటుడనగా ముందు వాక్కనియు, పిదపనే ఆంగికమనియు వేఱుగ చెప్పనక్కఱ లేదు. సిబిల్ నటనయు ఆ కోవలోనిదే.

ఇంగ్లండునకు మరలివచ్చిన పిమ్మట, షా మహాశయుని 'కాండిడా' నాటకమును ఊరూర ప్రదర్శించు బృందమున ఆమె నాయిక పాత్రకు ప్రత్యామ్నాయ నటిగా చేరెను. అనగా ముఖ్యనటికి జబ్బుచేసినపుడు ఆడుటకై పాత్రను కంఠస్థము చేసి సిద్ధముగా నుండుట. సిబిల్ అభ్యాసమును చూచిన షా, నీవు ఇంటికిపోయి గృహకృత్యములు నేర్చి, నలుగురు బిడ్డలను కని, అటుపై వచ్చితివేని కాండిడాగా రాణింతువని చమత్కరించెనట. ఆ చమత్కారము అక్షరాల ఫలించెను. ఆ బృందమున పరిచయమైన నటుడు లూయిస్ కాసన్‌ను ఆమె 1908వ సంవత్సరము డిసెంబరులో పెండ్లాడినది; వారికి నలుగురు బిడ్డలు కలిగిరి; అటు తరువాత ఆమె కాండిడా పాత్రను ధరించినది.

లూయిస్ కాసన్ ఆర్గను వాద్యములను నిర్మించు కుటుంబములో పుట్టినవాడు. నాటకప్రయోగమున ఆయన దృష్టి యంతయు ఉచ్చారణమీదనే. వాక్యమున ఏ పదమును ఊనవలెను, ఎచ్చట ఊపిరి తీయవలెను, స్వరము ఎచ్చట పైకిలేచి ఎచ్చట దిగవలెను అను విషయమున నటులను ఆయన విసిగించునంతగా తరిఫీదు చేయుచుండెను. భర్తయే దర్శకుడై నిరంతరము తప్పులు పట్టుచుండుట అందఱు భార్యలకును రుచింపదు. సిబిల్‌కు మాత్రమది విద్యాభ్యాసమైనది. మాంచెస్టరు నగరమున మిస్ హార్నిమన్ అను వనిత నడపిన గెయిటీ నాటకశాలలో ఆ దంపతులు కొంతకాలము పనిచేసి, శ్రామిక జీవితమును చిత్రించు నూతన నాటకములయందు నటించిరి. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడిన నటీమణుల సంఘమునందును ఆమె చేరెను.

1914వ సంవత్సరమున ప్రపంచ సంగ్రామము చెలరేగినది. కాసన్ సైన్యమున చేరెను. సిబిల్ లండనులో వాటర్లూ రోడ్డునందలి 'ఓల్డ్ విక్' నాటకశాలకు వచ్చెను. అది ధనికుల నాటకశాల కాదు. మద్యపానము మాన్పుటకై బీదలకు శుచియైన వినోదము చూపవలెనన్న సంకల్పముతో ఎమ్మా కాన్స్ అను దయామయి నెలకొల్పిన వినోదశాల యది. ఆమె మేనకోడలు లిలియన్ బేలిస్ దానిని మొండిపట్టుదలతో, మిక్కిలి స్వల్పమైన జీతములతో నడపుచుండెను. మగవారు యుద్ధమునకు తరలిపోవుటచే నటుల కొఱత యేర్పడగా, సిబిల్ స్త్రీపాత్రలతోపాటు పురుషపాత్రలనుగూడ ధరింపవలసి వచ్చెను. 'హెన్రీ ది ఫోర్త్'లోని యువరాజు, 'కింగ్ లియర్'లోని విదూషకుడు, 'టెంపెస్ట్'లోని ఫెర్డినాండు, ఇట్లు ఎందఱో. మన రంగస్థలమున స్థానం నరసింహారావుగారివంటి మహానటులు స్త్రీపాత్రలకు ప్రాణము పోసిన సంగతి మనకందఱకు తెలిసినదే. అచ్చట యుద్ధము తెచ్చిన అగత్యముచే ఒక స్త్రీ దానికి మాఱుగా నడచినది.

రాత్రులందు జర్మను విమానములు లండనుపై బాంబులు వేయుచున్నను ఓల్డ్ విక్ తెర మాత్రము లేచుచునే యుండెను. ఒకనాటి రాత్రి దాడి మూలమున దారిలో చిక్కుకొని ఆలస్యముగా వచ్చిన సిబిల్‌ను లిలియన్ బేలిస్, తెరయెత్తు వేళ మించిపోవుచుండగా దాడి యొక లెక్కా యని కసరి లోపలికి పంపెనట. ఆ నాలుగేండ్ల కాలమున ఆమె పోగొట్టుకొనినవియు తక్కువ కావు. 1917లో తమ్ముడు ఫ్రాంక్ యుద్ధమున మరణించెను. ఆ సంవత్సరమే తండ్రియు గతించెను.

యుద్ధానంతరము 1919లో గిల్బర్ట్ మర్రే పండితుని అనువాదమున యూరిపిడీసు రచించిన 'ట్రోజన్ విమెన్' నాటకమునందు సిబిల్ హెక్యుబా పాత్ర ధరించెను. ధ్వంసమైన పట్టణపు బూడిదమధ్య నిలిచి, పుత్రులను పౌత్రులను కోల్పోయి, బానిసగా పోవుటకు సిద్ధపడు ఆ వృద్ధరాణి విలాపమును వినిన ప్రేక్షకులలో బిడ్డలను యుద్ధమున బలిచ్చిన తల్లులెందఱుండిరో ఊహించుకొనవచ్చును. రెండువేల సంవత్సరములకు పైబడిన నాటకము వారికి నిన్నటి వార్తగా వినబడినది. 'మెడియా' యందును ఆమె అట్టి ప్రఖ్యాతియే గడించెను.

తరువాతి రెండేండ్లు ఆమె చేసిన పని పెద్దమనుష్యులకు నచ్చలేదు. పారిసునందు ప్రసిద్ధి చెందిన 'గ్రాండ్ గిన్యోల్' పద్ధతి భయానక నాటికలను లండనులోని లిటిల్ థియేటరునందు భర్తతోను తమ్మునితోను కలిసి ఆమె ప్రదర్శింప మొదలిడెను. గొంతునులుమబడుటయు, ఉన్మాదినులచేత కన్నులు పెఱికింపబడుటయు అందామెకు నిత్యకృత్యములు. గ్రీకు విషాదములాడిన నటికి ఇదేమి కర్మమని కొందఱు వగచిరి. ఆమెయో, భయము పరాకాష్ఠ నందినపుడు దేహము, కంఠము ఎట్లు ప్రవర్తించునో నేర్చుకొనుటకు అంతకంటె మంచి పాఠశాల దొరకదని భావించినది. ఆ పాఠము వృథాపోలేదని శీఘ్రముగనే తేలెను.

1922వ సంవత్సరాంతమున ఆ దంపతులు షెల్లీ మహాకవి వ్రాసిన 'ది సెంచీ' అను నాటకమును న్యూ థియేటరున ప్రదర్శించిరి. పితృహత్యానేరముపై న్యాయస్థానమున నిలిచిన బియాట్రిస్‌గా సిబిల్ నటించుచుండ, ప్రేక్షకులలో బెర్నార్డ్ షా కూర్చుండియుండెను. ఫ్రాన్సు దేశపు పల్లెపడుచు, సేనానాయిక, మతద్రోహియని 1431లో సజీవముగా దహింపబడి, 1920లో అదే మతసంస్థచే పునీతురాలిగా ప్రకటింపబడిన జోన్‌ను గూర్చి నాటకము వ్రాయవలెనని ఆయన మనస్సున ఆలోచన మెదలుచుండెను. ఆ విచారణ దృశ్యమును చూడగనే తన జోన్ దొరకినదని ఆయన నిశ్చయించుకొనెను. ఆ నాటకరచన ముగిసిన పిదప సిబిల్‌కును కాసన్‌కును ఆయనయే స్వయముగ చదివి వినిపించెను.

1924వ సంవత్సరము మార్చి 26వ తేదీ రాత్రి న్యూ థియేటరున 'సెయింట్ జోన్' లండనున మొదటిసారి రంగమెక్కినది. అప్పటికి సిబిల్ వయస్సు 41 సంవత్సరములు. నలుగురు బిడ్డల తల్లి. ధరించునది ఇరువదేండ్లైనను నిండని పడుచు పాత్ర. ఆమె సౌందర్యవతి యని పేరుపొందినదియు కాదు. అయినను జోన్‌ను దివ్యకాంతులలో తేలియాడు కన్యగా కాక, బుగ్గలకు ఎండ తగిలిన పల్లెపిల్లగా, గట్టి నడకతో, మోటుమాటతో, సంశయమన్నది యెఱుగని కన్నులతో ఆమె రంగముపైకి తెచ్చినది. విచారణ ఘట్టమే అందు కీలకము. అలసి, భయపడి, చితి సిద్ధముగా నున్నదని తెలిసి, తాను వినిన దివ్యవాక్కులు అబద్ధములని వ్రాసిన పత్రముపై జోన్ వణకు చేతితో గుర్తుపెట్టును. అందుకు ప్రతిఫలముగా ప్రాణము దక్కినది గాని, జీవితాంతము చెఱసాల తప్పదని న్యాయాధిపతులు చెప్పుదురు. ఆ మాట చెవిని పడినంతనే ఆమె లేచి, ఆ పత్రమును చించివేసి, ఆకాశమును పొలములను గంటల నాదమును దూరముచేయు బ్రతుకుకంటె అగ్నియే మేలని పలుకును. భయమునుండి విస్మయమునకు, విస్మయమునుండి ఆగ్రహమునకు, ఆగ్రహమునుండి ఒక విధమైన ఆనందమునకు ఆ కంఠము కొన్ని నిమిషములలో ఎక్కవలసిన మెట్లన్నియు అచ్చటనే యున్నవి. సంగీతపు సాధన, అమెరికా పచ్చికబయళ్లు, ఓల్డ్ విక్ కష్టములు, భయానక నాటికల పాఠము, ఇవి యన్నియు ఆ నిమిషములకు ఉపకరించినవి. మొదటి పర్యాయమే ఆ నాటకము 244 ప్రదర్శనములు జరిగెను. ఆ తరువాత పెక్కేండ్లపాటు స్వదేశమునను విదేశములందును ఆమె జోన్‌గా కనబడుచునే యుండెను. 1931లో ప్రభుత్వము ఆమెకు 'డేమ్' బిరుద మొసగెను.

ఇంతటి కీర్తి వచ్చిన పిమ్మట నటులు సాధారణముగా పాత్రలను ఎంచుకొనుటలో గీసి బేరమాడుదురు. సిబిల్ ఆ జాతిలోనిది కాదు. 1930లో నల్లజాతి మహాగాయకుడు పాల్ రోబ్సన్ లండనున ఒథెల్లోగా నటించినపుడు, నాయికయైన డెస్డిమోనాను యువనటి పెగ్గీ ఆష్‌క్రాఫ్టునకు విడిచి, చెలికత్తె ఎమీలియా పాత్రను తాను స్వీకరించెను. కాసన్ దంపతుల నాటకములలో చిన్నచిన్న వేషములు వేయుచు తిరిగిన పడుచువారిలో లారెన్స్ ఒలివియర్ ఒకడు.

1938లో ఎమ్లిన్ విలియమ్స్ రచించిన 'ది కార్న్ ఈజ్ గ్రీన్' నాటకమున, వేల్సు దేశపు బొగ్గుగనుల పల్లెలో బడిపెట్టి ఒక గనికార్మిక బాలుని విశ్వవిద్యాలయమునకు పంపు ఉపాధ్యాయిని పాత్ర ఆమెకు లభించెను. నాటకము దిగ్విజయముగ నడచుచుండగా రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చిపడెను. అపుడు జరిగినది నాటకమువలెనే యున్నది. ఓల్డ్ విక్ బృందముతో సిబిల్, కాసన్‌లు నిజముగనే వేల్సులోని గనుల పల్లెలకు 'మాక్‌బెత్'ను, 'మెడియా'ను తీసికొనిపోయిరి. కార్మికుల సభామందిరములే నాటకశాలలు. పగలంతయు భూగర్భమున బొగ్గు త్రవ్వి వచ్చినవారే ప్రేక్షకులు. షేక్స్‌పియరు వారికి అర్థమగునా యని లండనున సందేహించినవారికి, ఆ పల్లెజనుల నిశ్శబ్దమే సమాధానమైనది. మంచి గానమునకు పుట్టినిల్లైన వేల్సు ప్రజలు మంచి పలుకును గుర్తింపకపోవుదురా?

ఆమె రాజకీయ విశ్వాసములను దాచుకొనినది కాదు. లేబరు పక్షమున నిలిచినది. 1926 నాటి సార్వత్రిక సమ్మెయందు కార్మికులను సమర్థించినది. శాంతివాదినియై 'పీస్ ప్లెడ్జ్ యూనియన్'లో చేరినది. ఇంగ్లండును జయించినచో నిర్బంధింపవలసినవారని నాజీలు తయారుచేసిన జాబితాలో ఆమె పేరును గలదు. నటికి రాజకీయము లేలయని ఆక్షేపించినవారున్నను ఆమె లెక్కింపలేదు.

చలనచిత్రములతో ఆమె సంబంధము మూకీల కాలముననే మొదలైనది. 1928లో హెర్బర్ట్ విల్కాక్స్ తీసిన 'డాన్' అను చిత్రమున, బెల్జియమునుండి మిత్రపక్ష సైనికులను తప్పించినందుకు జర్మనులచే కాల్చబడిన నర్సు ఎడిత్ కావెల్ పాత్రను ఆమె ధరించెను. జర్మనీతో స్నేహము చెడునని విదేశాంగ మంత్రి ఆక్షేపింపగా సెన్సారువారు అనుమతి నిరాకరించిరి. అయినను స్థానిక సంస్థలు పెక్కు దానికి అనుమతి నిచ్చినవి. తరువాత 'మేజర్ బార్బరా', 'నికొలస్ నికిల్‌బీ', హిచ్‌కాక్ తీసిన 'స్టేజ్ ఫ్రైట్' మున్నగు చిత్రములలో నటించినను, కెమెరా ఆమెకు పూర్తిగా లొంగలేదనియే చెప్పవలెను. వేయిమందికి వినబడునట్లు శిక్షణ పొందిన కంఠమునకు, దూరపు వరుసలకు తెలియునట్లు నేర్చిన ముఖమునకు, జానెడు దూరమునుండి చూచు యంత్రము ఇరుకైన గదివంటిది. ఈ సత్యమును ఆమె యెఱుగును. 'ది ప్రిన్స్ అండ్ ది షోగర్ల్' చిత్రీకరణవేళ మన్రో ఆలస్యములకు తక్కినవారందఱును విసిగి యుండగా, కెమెరా యెదుట ఎట్లు నటింపవలెనో మనలో ఆ పిల్లకొక్కతెకే తెలియునని ఒలివియర్‌తో ఆమె చెప్పినట్లు ప్రసిద్ధి. డెబ్బదేండ్లు దాటిన వృద్ధనటి, తన సంప్రదాయమున కెంతయు దూరమైన ఒక యువతి ప్రతిభను అసూయలేక గుర్తించుట సామాన్యమైన గుణము కాదు.

ఆమె నటనయందు దోషములే లేవని నేను చెప్పబోను. ఉద్ధృతి హెచ్చనియు, సామాన్యపాత్రలను సయితము ఉదాత్తముగా చేయుననియు ఆనాటి విమర్శకులు కొందఱు వ్రాసిరి. అందు కొంత నిజమున్నది. కాని 1944లో ఒలివియర్, రాల్ఫ్ రిచర్డ్‌సన్‌లు ఓల్డ్ విక్‌ను పునరుద్ధరించినపుడు 'పీర్ గింట్'లో ముసలితల్లి ఆసేగాను, 1962లో చిచెస్టరు ఉత్సవమున చెకోవ్ 'అంకుల్ వాన్యా'లో దాది మరీనాగాను నటించిన సిబిల్ యందు ఆ ఉద్ధృతి యెల్ల పండి శాంతించినది. దాది పాత్రకు పలుకవలసిన మాటలు స్వల్పము. అదే నాటకమున కాసన్‌గూడ చిన్నపాత్ర ధరించెను. ఒలివియర్, మైకేల్ రెడ్‌గ్రేవ్‌లు ప్రధానపాత్రలు ధరించిరి. ఎనుబదేండ్లు సమీపించిన నటి, ఒకప్పుడు తన కంపెనీలో చిన్నవేషములు వేసిన కుఱ్ఱవాని దర్శకత్వమున, ఒక మూల కూర్చుండి అల్లికపని చేయు వృద్ధదాసిగా సంతోషముతో నటించినది.

మధ్యకాలమున ఆ దంపతులిద్దఱే కావ్యఖండములను నాటకఘట్టములను పఠించుచు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఆఫ్రికా దేశములతోపాటు మన భారతదేశమునందును పర్యటించిరి. రంగాలంకారములు లేవు, వేషములు లేవు. రెండు కంఠములు మాత్రమే. అరువదేండ్ల దాంపత్యానంతరము 1969 మే నెలలో లూయిస్ కాసన్ మరణించెను. ఆ శరత్కాలముననే లెదర్‌హెడ్ పట్టణమున ఆమె పేర నిర్మించిన థార్న్‌డైక్ థియేటరు ప్రారంభోత్సవమునకు తన 87వ యేట ఆమెయే నాయికగా నటించి, రంగస్థలమునకు వీడ్కోలు చెప్పెను. 1976 జూన్ 9వ తేదీన, 93 ఏండ్ల వయస్సున ఆమె కన్నుమూసినది. ఆమె అస్థికలు దేశపు మహనీయులు విశ్రమించు వెస్ట్‌మినిస్టర్ అబేలో నిక్షిప్తములైనవి.

శ్రోతలారా, నా దృష్టిలో సిబిల్ థార్న్‌డైక్ గొప్పదనము ఆమె ధరించిన జోన్ పాత్రయొక్కటే కాదు. జోన్‌ను ధరించిన పిమ్మట ఎమీలియాను, దాదిని, పల్లెమందిరముల ప్రేక్షకులను సమానమైన శ్రద్ధతో స్వీకరింపగలుగుటయే ఆమె నిజమైన గొప్పదనమని నేను భావింతును. మన ఊళ్లలో నేటికిని నాటక సమాజములను నడపుచున్నవారికి, వేషము చిన్నదని అలుగు యువనటులకు నాదొక విన్నపము: వాక్కును సాధన చేయుడు, దొరకిన పాత్రను గౌరవింపుడు, ప్రేక్షకులు పదిమందియైనను పదివేలమందికి ఆడినట్లే ఆడుడు.